బిళ్ళగన్నేరు క్యాన్సర్‌ని చంపుతుందా? పెరట్లో ఆకు సెలైన్ స్టాండ్ దాకా వచ్చిన కథ

ఈ రోజు ఎపిసోడ్ మా వంటింట్లో ఒక గిన్నెతో మొదలుపెడతా.

రెండేళ్ళ కింద దసరా సెలవులకి హైదరాబాద్ నుంచి మా నకిరేకల్ వచ్చాను. బస్సు దిగి ఇంటికి పోయేసరికి పొయ్యి మీద ఏదో మరుగుతోంది. పచ్చి ఆకు వాసన, చేదుగా ఉంది. మూత తీసి చూశా. పక్కన చాటలో ఇంకో గుప్పెడు ఆకులు, వాటి మధ్యలో రెండు గులాబీ రంగు పూలు. చూడగానే గుర్తుపట్టా, బిళ్ళగన్నేరు. మీ ఇంటి ముందు కూడా ఉండే ఉంటుంది. నీళ్ళు పోసినా పోయకపోయినా పెరుగుతుంది, మేకలు కూడా పెద్దగా ముట్టవు.

"ఏంది పెద్దమ్మా ఇది?" అని అడిగా.

"కషాయం బిడ్డా. పరగడుపున తాగితె గడ్డలు కరిగిపోతయంట. ఫోన్ల వచ్చింది."

"మరి దవాఖానకు పోయే డేట్ ఎప్పుడు?"

"పోయిన్నెలనే ఉండె. పోలే. ఆ సూదులు నాతోని కావు కొడుకా."

మా పెద్దమ్మకి లింఫోమా. అంటే శరీరంలో లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్. మెడ దగ్గర, చంకలో గడ్డలు వచ్చాయి. 21 రోజులకోసారి కీమో, మొత్తం ఆరుసార్లు అని డాక్టర్ చెప్పారు. రెండు అయినంక ఆమె ఆపేసింది. జుట్టు రాలిపోయింది, అన్నం సయించలేదు, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. అదే టైమ్‌లో ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "పెరట్లో ఉన్న బిళ్ళగన్నేరు క్యాన్సర్ కణాలను చంపుతుందని విదేశీ ల్యాబ్‌లో రుజువైంది, డాక్టర్లు మీకు చెప్పరు" అని.

నేను బీటెక్ చేసినోణ్ణి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి. వెంటనే లెక్చర్ మొదలుపెట్టా. "ఇవన్నీ ఫేక్ పెద్దమ్మా, ఆకులతో క్యాన్సర్ పోతదా" అని గట్టిగా అన్నా. ఆమె ఏం మాట్లాడలేదు. రాత్రి ఆమె దవాఖాన ఫైల్ తీసి, ఇచ్చిన మందుల పేర్లు ఒక్కొక్కటి ఫోన్‌లో వెతికా. మూడోదో నాలుగోదో, "విన్‌క్రిస్టిన్, 2 మిల్లీగ్రాములు" అని ఉంది. అది దేని నుంచి వస్తుందో చదివి నాకు నోట మాట రాలేదు.

అది బిళ్ళగన్నేరు నుంచి వస్తుంది.

అంటే పొయ్యి మీద మరిగే ఆకు, ఆమె వద్దన్న సెలైన్ బాటిల్‌లోని మందు, రెండూ ఒకే మొక్కవి. మెసేజ్ పంపినోడు సగం నిజమే చెప్పాడు. నేను "ఫేక్" అన్నది కూడా సగమే నిజం. మరి గిన్నెకీ బాటిల్‌కీ తేడా ఏంటి? ఈ ప్రశ్నకి జవాబు కెమిస్ట్రీ పుస్తకంలో కంటే చరిత్రలో బాగా దొరుకుతుంది. ఆ చరిత్రలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. పదండి చూద్దాం.

జమైకా నుంచి ఒక కవరు

ముందు ఒక విషయం. బిళ్ళగన్నేరు మనది అనుకుంటాం కానీ దాని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. ఓడల్లో ప్రపంచమంతా తిరిగి, ఎండ ఉన్న ప్రతి చోటా స్థిరపడింది. ఎక్కడికి పోతే అక్కడ జనం దాన్ని ఏదో ఒక జబ్బుకి వాడారు. ఎక్కువగా షుగర్‌కి.

1952లో కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టర్‌కి జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. లోపల పాతిక బిళ్ళగన్నేరు ఆకులు. అక్కడ షుగర్ ఉన్నవాళ్ళు ఈ ఆకులతో టీ కాచుకుని తాగుతున్నారు, ఇందులో ఏమన్నా ఉందేమో చూడండి అని అడిగారు.

ఆయనకే ఎందుకు పంపారు? 1921లో టొరంటోలో ఇన్సులిన్ మీద పరిశోధన మొదలైనప్పుడు ఫ్రెడరిక్ బాంటింగ్‌కి సహాయకుడిగా ఎవరు ముందు చేరాలని ఇద్దరు స్టూడెంట్లు బొమ్మా బొరుసా వేసుకున్నారు. గెలిచింది చార్లెస్ బెస్ట్, ఆయన పేరు చరిత్రలో నిలిచిపోయింది. ఓడిపోయింది క్లార్క్ నోబుల్. ముప్పై ఏళ్ళ తర్వాత ఆయన చేతికి ఈ కవరు వచ్చింది. అప్పటికే ఆయన రిటైర్ అయ్యే వయసులో ఉన్నారు. అందుకని దాన్ని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో పరిశోధకుడైన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి ఇచ్చేశారు.

రాబర్ట్ నోబుల్ ఆకుల సారం తీసి ఎలుకలకి తాగించారు. రక్తంలో షుగర్ ఏమన్నా తగ్గిందా? లేదు. ఏమీ కాలేదు. మన దగ్గర అయితే "జానపద నమ్మకం, వదిలేయ్" అని అక్కడే ఫైల్ మూసేసేవాళ్ళు. ఆయన ఇంకో పని చేశారు. అదే సారాన్ని సూది ద్వారా ఎక్కించారు. షుగర్ అప్పుడు కూడా తగ్గలేదు, కానీ కొన్ని రోజుల్లో ఎలుకలు చచ్చిపోయాయి.

ఎందుకు చచ్చాయో కోసి చూస్తే ఒళ్ళంతా చీము పట్టిన ఇన్ఫెక్షన్లు. మామూలుగా ఎలుక తట్టుకునే క్రిములే వాటిని చంపాయి. కారణం, రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి. ఎముక మజ్జలో వాటి తయారీయే ఆగిపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. షుగర్ మందు కోసం వెతికితే విషం దొరికింది. కానీ ఆయనకి తట్టింది వేరే విషయం. తెల్ల కణాలు అదుపు లేకుండా పెరిగిపోయే జబ్బు ఒకటుంది కదా, లుకేమియా. తెల్ల కణాల తయారీని ఆపే పదార్థం ఆ జబ్బులో పనికొస్తుందేమో!

1954లో చార్లెస్ బీర్ అనే కెమిస్ట్ ఆయనతో చేరారు. ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉంటాయి. ఆల్కలాయిడ్ అంటే మొక్క తన రక్షణ కోసం తయారుచేసుకునే ఒక రకం రసాయనం. ఆ వందలో తెల్ల కణాల మీద పనిచేసేది ఏదో పట్టుకోవాలి. కుప్పలో సూది వెతికినట్టే. నాలుగేళ్ళు పట్టింది. 1958లో న్యూయార్క్‌లో జరిగిన ఒక సైన్స్ సమావేశంలో ఆ పదార్థాన్ని ప్రకటించారు. దాన్నే ఇప్పుడు విన్‌బ్లాస్టిన్ అంటున్నాం.

చిత్రమేంటంటే అదే టైమ్‌లో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ కూడా ఇదే మొక్క మీద పనిచేస్తోంది. అక్కడ గోర్డన్ స్వొబోడా అనే ఆయన జానపద వైద్యంలో పేరున్న మొక్కల్ని ఒక్కొక్కటిగా తెచ్చి, లుకేమియా పెట్టిన ఎలుకల మీద పరీక్షిస్తున్నారు. బిళ్ళగన్నేరు సారం ఇచ్చిన ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. అదే మొక్క నుంచి వాళ్ళు ఇంకో పదార్థం బయటికి తీశారు, విన్‌క్రిస్టిన్. 1963లో అమెరికాలో దానికి మందుగా అనుమతి వచ్చింది. కవరు వచ్చిన పదకొండేళ్ళకి.

గిన్నెలో చంపడం ఎంత ఈజీ అంటే

ఇప్పుడు "ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను చంపింది" అనే మాట దగ్గరికి వద్దాం. ప్రతి వారం ఏదో ఒక ఆకు, పండు, గింజ గురించి ఈ వార్త వస్తుంది. అసలు ల్యాబ్‌లో ఏం చేస్తారు?

మనిషి క్యాన్సర్ కణాలను శరీరం బయట, ఒక పాత్రలో నిరంతరం పెంచడం 1951లో సాధ్యమైంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. ఆమె అనుమతి లేకుండానే గడ్డ నుంచి కణాలు తీసుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆమె చనిపోయారు. ఆమె కణాలు మాత్రం ఈ రోజుకీ ప్రపంచంలో వేల ల్యాబ్‌లలో పెరుగుతూనే ఉన్నాయి. వాటి పేరు హీలా.

పరీక్ష ఇట్లా జరుగుతుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, దాంట్లో 96 చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు వేస్తారు. మొక్క సారాన్ని రకరకాల మోతాదుల్లో, ఒక గుంటలో ఎక్కువ, పక్క గుంటలో సగం, దాని పక్కన ఇంకా సగం, అట్లా పోస్తారు. కొన్ని గుంటల్లో ఏమీ కలపరు, పోల్చడానికి. ఒకటి రెండు రోజులు ఆగి ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనం పోస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకి మారుస్తాయి. చచ్చినవి మార్చవు. రంగు ఎంత ముదురుగా ఉందో మిషన్ కొలుస్తుంది. సగం కణాలు చావడానికి ఎంత మోతాదు కావాలో ఆ లెక్క తేలుతుంది. ఈ పద్ధతి 1983 నుంచి వాడుకలో ఉంది.

మంచి పరీక్షే. కానీ ఆ గుంటలో సబ్బు నీళ్ళు పోసినా కణాలు చస్తాయి. ఉప్పు ఎక్కువ పోసినా చస్తాయి. మీ బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోస్తే నిమిషంలో చస్తాయి. చంపడం కష్టం కాదు. మామూలు కణాలను వదిలేసి క్యాన్సర్ కణాలను చంపడం, అదీ శరీరం తట్టుకునే మోతాదులో చంపడం, అదే కష్టం.

నా పాత ఉద్యోగం భాషలో చెప్తా, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. కోడ్ రాస్తాం, మన లాప్‌టాప్‌లో సూపర్‌గా నడుస్తుంది. ప్రొడక్షన్‌లో పెట్టగానే కూలిపోతుంది. ఎందుకంటే లాప్‌టాప్‌లో ఒక్కడే యూజర్, నెట్‌వర్క్ సమస్య లేదు, లోడ్ లేదు. ల్యాబ్ పలక అంటే లాప్‌టాప్. మనిషి శరీరం అంటే ప్రొడక్షన్. అక్కడ కడుపులో యాసిడ్ ఉంది, పేగు గోడ ఉంది, లివర్ ఉంది, కిడ్నీ ఉంది. మీరు తాగింది వీటన్నిటినీ దాటి గడ్డ దాకా చేరాలి. చేరేసరికి మిగిలింది ఎంత? నోబుల్ ఎలుకలు మొదటి రోజే ఈ సంగతి చెప్పాయి. తాగిస్తే ఏమీ కాలేదు. సూది ద్వారా ఇస్తేనే పనిచేసింది.

పసుపు సంగతి చూడండి. అందులో కర్క్యుమిన్ ఉంటుంది. ల్యాబ్ పలకల్లో అది రకరకాల క్యాన్సర్ కణాలను చంపిందని వేల పేపర్లు ఉన్నాయి. కానీ నోటితో తీసుకుంటే రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. పైగా దానికి వెలుగు పడితే తానే మెరిసే గుణం ఉంది. దాంతో వెలుగుతో కొలిచే కొన్ని పరీక్షల్లో తప్పు రీడింగ్ వస్తుంది. 2017లో మెడిసినల్ కెమిస్ట్రీ పత్రిక ఒకటి ఈ పరిశోధనలన్నిటినీ సమీక్షించింది. మనుషుల మీద గట్టి పద్ధతిలో జరిగిన పరీక్షల్లో కర్క్యుమిన్ గెలిచింది ఒక్కటీ లేదని తేల్చింది. పసుపు కూరలో వేసుకోండి, గాయానికి పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దాన్ని నమ్ముకుని కీమో ఆపొద్దు.

నిమ్మకాయ కీమో కంటే పదివేల రెట్లు పవర్‌ఫుల్ అనే మెసేజ్ కూడా మీకు వచ్చే ఉంటుంది. అదే నిజమైతే మా నకిరేకల్ నిమ్మ మార్కెట్ ముందు ప్రపంచమంతా లైన్ కట్టేది.

మరి ఎన్ని మొక్కలు ఈ దారిలో గెలుస్తాయి? అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా సుమారు 35 వేల మొక్కజాతుల నుంచి లక్షకు పైగా సారాలు తీసి పరీక్షించింది. చివరికి మందుగా మారినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి టాక్సాల్. ఆ చెట్టు బెరడు 1962లో సేకరించారు. మందుగా అనుమతి వచ్చింది 1992లో. ముప్పై ఏళ్ళు. "డాక్టర్లు దాచిపెడుతున్నారు" అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. దాచింది ఏమీ లేదు. దొరికిన ప్రతిదాన్నీ వెతికి వెతికి, పనిచేసినదాన్ని సెలైన్‌లో పెట్టి ఇస్తున్నారు.

ఆకు తలకిందులైన కథ

ఇక్కడ మన భీమవరం పిల్లోడి గురించి చెప్పకపోతే పాపం. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ వెళ్ళి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. ఆయన టీమ్ పనిచేసిన వాటిలో ఒకటి ఫోలిక్ యాసిడ్. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి దాన్ని తీశారు కాబట్టి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే మాటతో ఆ పేరు పెట్టారు. రక్తం పట్టడానికి మంచిది, గర్భిణులకి ఇప్పటికీ ఇస్తారు. లెడర్లీ వాళ్ళు దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే దారి కనుక్కున్నారు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టర్ ఈ ఫోలిక్ యాసిడ్ రకాలను లుకేమియా ఉన్న పిల్లలకి ఇచ్చి చూశారు. ఆకులోని మంచి పదార్థం, మంచే చేస్తుంది కదా? కాదు. జబ్బు ఇంకా వేగం అందుకున్నట్టు ఆయనకి కనిపించింది. క్యాన్సర్ కణాలు కూడా కణాలే. పెరగడానికి వాటికీ ఆ విటమిన్ కావాలి.

అప్పుడు ఆలోచన తిరగబడింది. ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ, కణాన్ని మోసం చేసి దాని పని ఆపేసే నకిలీ పదార్థం కావాలి. తాళంలో దూరుతుంది కానీ తిరగని తాళంచెవి లాంటిది. లెడర్లీలో సుబ్బారావు గారి టీమ్ అమినోప్టెరిన్ తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంత కాలం తగ్గింది. లుకేమియాకి అంతకుముందు అట్లాంటిది ఎవరూ చూడలేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. 53 ఏళ్ళు.

కానీ ఆ పిల్లలకి జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఒక్క మందు చాలదని తేలింది. 1960ల మొదట్లో అమెరికా డాక్టర్లు నాలుగు మందులు కలిపి ఒకేసారి ఇచ్చి చూశారు. దానికి వ్యాంప్ అని పేరు. నాలుగింట్లో ఒకటి అమినోప్టెరిన్‌కి తమ్ముడు, లెడర్లీలోనే పుట్టిన మెథోట్రెక్సేట్. ఇంకొకటి బిళ్ళగన్నేరు విన్‌క్రిస్టిన్. సుబ్బారావు గారి మందు, మన పెరట్లో పూల మొక్క మందు, రెండూ ఒకే పిల్లాడి ఒంట్లో కలిశాయి. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి, ఈ రోజు మంచి వైద్యం అందే దేశాల్లో ఈ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో 100కి సుమారు 90 మంది బతుకుతున్నారు. 1947లో దాదాపు ఎవరూ బతికేవాళ్ళు కాదు.

మన దేశంలో తయారైన రోజు

అమెరికాలో మందు వస్తే నకిరేకల్‌కి ఎట్లా వస్తుంది? ఆకులు మన దేశం నుంచి బయటికి పోయేవి, మందు ఖరీదై తిరిగి వచ్చేది. ఈ బాధ తీర్చిన వాళ్ళలో ఒక గుంటూరు కెమిస్ట్ ఉన్నారు. ఆళ్ళ వెంకట రామారావు గారు, 1935లో పుట్టారు. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో ఉన్నప్పుడు బిళ్ళగన్నేరు ఆకు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ తీసే పద్ధతి మీద ఆయన టీమ్ పనిచేసింది. 1984లో ఆ ల్యాబ్‌తో కలిసి సిప్లా కంపెనీ ఈ రెండు మందుల్నీ మన దేశంలో తయారుచేసింది.

1985లో ఆయన హైదరాబాద్ ఐఐసీటీకి డైరెక్టర్‌గా వచ్చారు. అదే, తార్నాకలో బస్సులోంచి మీకు కనిపించే ఆ పెద్ద క్యాంపస్. 1991లో ఐఐసీటీతో కలిసి సిప్లా ఇంకో క్యాన్సర్ మందు ఎటోపొసైడ్ తెచ్చింది. అది కూడా మొక్క వేళ్ళలో దొరికే పదార్థం నుంచి మార్చి చేసేదే. 2016లో ఆయనకి పద్మభూషణ్ ఇచ్చారు. ఉప్పల్ మెట్రో ఎక్కేవాళ్ళలో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? నాకు కూడా పెద్దమ్మ ఫైల్ తెరిచేదాకా తెలీదు.

రెండు మిల్లీగ్రాములు

ఇప్పుడు గిన్నెకీ బాటిల్‌కీ తేడా చెప్తా.

పెద్దమ్మకి ఒకసారికి ఇచ్చిన విన్‌క్రిస్టిన్ 2 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో వందో వంతు కంటే తక్కువ. పెద్దవాళ్ళకి సాధారణంగా ఒకేసారి అంతకంటే ఎక్కువ ఇవ్వరు. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయాలంటే వందల కిలోల ఎండు ఆకు కావాలి. ఆమె ఒక్క డోసుకే అర కిలో నుంచి కిలో ఎండు ఆకు పట్టి ఉంటుంది. గుప్పెడు ఆకుల కషాయంలో ఎంత వస్తుంది? వచ్చింది పేగు దాటి రక్తంలోకి ఎంత పోతుంది? దానితో పాటు మిగతా వందకు పైగా ఆల్కలాయిడ్లు ఏం చేస్తాయి? ఈ రోజు ఆకుకీ రేపటి ఆకుకీ తేడా ఎంత? వీటిలో దేనికీ గిన్నె దగ్గర జవాబు లేదు.

మరి రెండు మిల్లీగ్రాములే ఎందుకు? ఆ మందు పనిచేసే తీరు చూడండి. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి గొట్టాల్లాంటి దారాలు పుట్టి, క్రోమోజోములను చెరో వైపు లాగుతాయి. విన్‌క్రిస్టిన్ ఆ దారాలు కట్టుకోకుండా ఆపుతుంది. కణం మధ్యలోనే ఇరుక్కుని చస్తుంది. క్యాన్సర్ కణాలు ఆగకుండా చీలుతుంటాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ. కానీ మన నరాల్లో కూడా అవే దారాలున్నాయి. అందుకే పెద్దమ్మ వేళ్ళ తిమ్మిరి. మోతాదు కొంచెం పెరిగితే నరాలు దెబ్బతింటాయి. కొంచెం తగ్గితే గడ్డ బతుకుతుంది.

నల్గొండ జిల్లా వాళ్ళకి మోతాదు అంటే ఏంటో వేరే వాళ్ళు చెప్పక్కర్లేదు. లీటర్ నీళ్ళలో ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉంటే పళ్ళకి మంచిది. మోతాదు బాగా ఎక్కువై ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు వంకర పోతాయి. అదే పదార్థం, అదే నీళ్ళు. తేడా అంతా కొలతలో ఉంది. మా తాతల తరంలో నడుము వంగిన మనుషుల్ని చూసి పెరిగినోళ్ళం మనం. "సహజమైనది కదా, ఏమీ కాదు" అనే మాట మన జిల్లాలో ఎవరూ అనకూడదు.

మర్నాడు పొద్దున ఇదంతా పెద్దమ్మకి చెప్పా. ఈసారి లెక్చర్ ఇవ్వలేదు. పెరట్లోకి తీసుకపోయి మొక్క ముందు కూర్చోబెట్టి, ఫైల్‌లో ఆ పేరు చూపించా. "నువ్వు నమ్మింది తప్పు కాదు పెద్దమ్మా. నీకు ఎక్కించింది ఇదే. కాకపోతే కొలిచి ఎక్కించిండ్రు" అన్నా.

చాలాసేపు మొక్కనే చూసింది. "మరి గా డాక్టర్ ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదరా" అంది. నా దగ్గర జవాబు లేదు. రోజుకి అంతమందిని చూసే డాక్టర్‌కి ఆ టైమ్ ఉండదు. ఇంట్లో చదువుకున్న నాకు ఉంది. నేనే చెప్పలేదు.

రెండు కీమోలు తప్పినందుకు మెడ దగ్గర గడ్డ మళ్ళీ కొంచెం పెరిగింది. డాక్టర్ కోప్పడ్డారు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. కషాయం సంగతి కూడా దాచకుండా చెప్పమన్నా, చెప్పింది. అప్పటి నుంచి ప్రతి సారీ నేనే వెంట పోయా. మిగతావి అన్నీ పూర్తయ్యాయి. ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్. పోయిన చెకప్ దాకా గడ్డలు లేవు. వేళ్ళ తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. సూదిలో దారం నన్నే ఎక్కించమంటుంది.

మీకు రేపు ఇట్లాంటి మెసేజ్ వస్తుంది, పక్కా. అప్పుడు "ఫేక్" అని కొట్టిపారేయకండి, "నిజం" అని ఫార్వర్డ్ చేయకండి. మూడు ప్రశ్నలు వేయండి. చంపింది ఎక్కడ, ల్యాబ్ పలకలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ఎంత మోతాదులో? ఆ మోతాదులో మామూలు కణాలకి ఏమైంది? మూడింటికీ జవాబుంటే అది మందయ్యే దారిలో ఉన్నట్టు. లేకపోతే అది ఇంకా ఆకే.

మీ ఇంట్లో ఎవరన్నా కీమో మధ్యలో ఆపేసి ఉంటే, ఈ వీడియో వాళ్ళకి పంపే ముందు మీరు వాళ్ళ ఫైల్ తెరిచి మందుల పేర్లు చదవండి. తర్వాత పక్కన కూర్చుని మాట్లాడండి. ఆ పని మెసేజ్‌తో కాదు.

వచ్చే ఆదివారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటా మరి.